క్యారెక్టర్ బొమ్మలు ఒకచోట ఆగిపోయాయి, బేసిక్స్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

కొత్తగీత:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా క్యారెక్టర్లు వేస్తున్నాను, ఎక్కువగా యానిమే, అంటే జపాన్ కార్టూన్ల పద్ధతిలో. ముఖం కాస్త ఎడమవైపు తిరిగి ఉంటే బాగానే వస్తుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు కూడా. అదే తల కుడివైపు తిప్పాల్సి వస్తే చెయ్యి ఆగిపోతుంది. పైకి చూడటం, కిందికి చూడటం అసలే రావు. చేతులు వెయ్యడం రాక జేబుల్లో పెట్టేస్తున్నాను, లేదంటే వీపు వెనక్కి పంపేస్తున్నాను.

ఇన్నాళ్లూ అలా నెట్టుకొచ్చాను. ఇప్పుడు నాకంటూ ఒక కామిక్ కథ రాసుకున్నాను. తాళాలు బాగుచేసే పదహారేళ్ల అమ్మాయి కథ. మొదటి పేజీలోనే ఆమె తలుపు ముందు ఒక మోకాలి మీద కూర్చుని, తాళం కన్నంలోకి చూస్తూ, చేతిలో సన్నటి ఊచతో తాళం తీస్తూ ఉండాలి. ఈ ఒక్క బొమ్మ పదకొండుసార్లు వేశాను. పదకొండూ ఇక్కడ పెడుతున్నాను. ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది, ఎక్కడో మాత్రం అంతు చిక్కడం లేదు.

ఎవరిని అడిగినా "బేసిక్స్ నేర్చుకో" అంటున్నారు. బేసిక్స్ అంటే ఒంటి నిర్మాణం నేర్పే అనాటమీయా, దూరం దగ్గర చూపించే పర్‌స్పెక్టివా, వెలుగునీడలు వేసే షేడింగా? ఏది ముందు? అవి వచ్చేదాకా నా క్యారెక్టర్లను పక్కన పెట్టెయ్యాలా?

నల్లపెన్సిల్:
పదకొండూ చూశానండీ. మీ గీత శుభ్రంగా ఉంది. జుట్టు అయితే చాలా బాగా వేస్తున్నారు, పాయలు పాయలుగా కాకుండా ఒక ముద్దగా చూసి వేస్తున్నారు. అది అందరికీ అంత తొందరగా రాదు.

తలల్లో మాత్రం అన్నింటా ఒకటే ఇబ్బంది. ముందు గుండ్రంగా ఒక చక్రం గీసి, దాని మీద కళ్లు, ముక్కు, నోరు అతికిస్తున్నారు. ఎడమవైపు చూసే ముఖం చేతికి అలవాటైపోయింది కాబట్టి అది వస్తోంది. కుడివైపుకి ఆ అలవాటు లేదు. మీకు అలవాటైన ఆ ఒక్క ముఖమూ జ్ఞాపకం నుంచి వస్తోంది, తల ఆకారం తెలిసి రావడం లేదు.

ఆండ్రూ లూమిస్ అనే అమెరికన్ చిత్రకారుడు నేర్పిన పద్ధతి ఒకటుంది, నాకు దాంతోనే దారి దొరికింది. ముందు ఒక బంతి గియ్యండి. దాన్ని రెండు పక్కలా కొంచెం కోసేసినట్టు ఊహించుకోండి, ఎందుకంటే మన పుర్రె కణతల దగ్గర చదునుగా ఉంటుంది. ఆ కోత పక్కనుంచి చూస్తే గుండ్రంగా, తల కాస్త తిరిగితే కోలగా, ఎదురుగా చూస్తే గీతలా కనిపిస్తుంది. బంతి నడుము చుట్టూ ఒక గీత తిప్పండి, అది కనుబొమల గీత. ముఖం మధ్యలోంచి నిలువుగా ఇంకొకటి. కోత పైఅంచు దగ్గర జుట్టు మొదలవుతుంది, కిందిఅంచు దగ్గర ముక్కు ముగుస్తుంది. అంతే దూరం ఇంకోసారి కిందికి కొలిస్తే గడ్డం. చెవి ఆ కోతలోనే, వెనక కింది పావులో, కనుబొమకీ ముక్కు కిందికీ మధ్య కూర్చుంటుంది.

మొదటి వారం కళ్లూ ముక్కూ ఏమీ వద్దు. బంతి, కోత, రెండు గీతలు, దవడ. పేజీకి ఇరవై తలలు, ప్రతిదీ వేరే వైపు తిప్పి. కళ్లు ఎంత పెద్దవిగా వేసే పద్ధతి అయినా అవి ఈ బంతి మీదే కూర్చోవాలి. అవతలి కన్ను ఎందుకు సన్నబడుతుందో, కొంత ముక్కు చాటుకి ఎందుకు పోతుందో ఈ బంతి ఒక్కటే చెప్పగలదు.

నిలువుగీత:
కాస్త కటువుగా అనిపించినా చెప్తాను. మూడు నెలలు క్యారెక్టర్లు పూర్తిగా ఆపెయ్యండి. డబ్బాలు, సిలిండర్లు, బంతులు, కోసిన శంకువులు, ఇవే. ఏ కోణంలోనైనా ఒక డబ్బాని చూడకుండా గియ్యగలిగితే పక్కటెముకల గూడు, తుంటి, అరచెయ్యి, పాదం అన్నీ గియ్యగలరు. డబ్బా తిరగనివాళ్లకి తల ఎలా తిరుగుతుంది? నేను ఇలాగే నేర్చుకున్నాను.

ఇంకోటి. పొడుగు గీతలు మణికట్టుతో లాగుతున్నారని తెలిసిపోతోంది, చిన్నచిన్న ముక్కలుగా, వెంట్రుకల్లా ఉన్నాయి. భుజం నుంచి చెయ్యి కదిలిస్తూ ఒక్క ఊపులో గియ్యడం అలవాటు చేసుకోండి. రెండు చుక్కలు పెట్టి, కాగితాన్ని తాకకుండా చేతిని గాల్లో రెండుసార్లు ఆడించి, మూడోసారి గియ్యండి. తప్పినా పర్వాలేదు, దాని మీద మళ్లీ గియ్యకండి.

రాత్రిస్కెచ్:
నిలువుగీత గారూ, గీత గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. క్యారెక్టర్లు ఆపెయ్యమనడం మాత్రం నేను ఒప్పుకోలేను. అనుభవించినదాన్ని కాబట్టి చెప్తున్నాను.

నేను ఎనిమిది నెలలు అలాగే చేశాను. డబ్బాలు, సిలిండర్లు తప్ప ఇంకేం వెయ్యలేదు. తర్వాత క్యారెక్టర్ వేద్దామని కూర్చుంటే మనుషులు డబ్బాలు పేర్చినట్టు బిగుసుకుపోయి వచ్చారు. డబ్బాలు గియ్యడం వచ్చింది, వాటిని మనిషిలో ఎక్కడ వాడాలో రాలేదు. అంతకంటే బాధ ఏంటంటే, స్కెచ్‌బుక్ తెరవాలంటేనే టెన్షన్ వచ్చేది. దాదాపు ఏడాది పెన్సిల్ ముట్టలేదు.

కొత్తగీత గారూ, మీ తాళాల అమ్మాయి మీకు ఇష్టం. ఆ ఇష్టం వల్లే పదకొండుసార్లు వేశారు. దాన్ని పోగొట్టుకోవద్దు. కూర్చున్న టైములో సగం సాధనకి, సగం మీ క్యారెక్టర్‌కి పెట్టండి. మీ బొమ్మలో ఏది దెబ్బతింటోందో చూసుకుని ఆరోజు దాన్నే సాధన చెయ్యండి, వెంటనే తిరిగి అదే బొమ్మలో వాడి చూడండి. మోచెయ్యి సరిగా రాలేదా, ఆరోజు మడిచిన మోచేతులు పది. అలా అయితే ఏ బేసిక్ ఎందుకు నేర్చుకుంటున్నారో మీకే తెలుస్తుంది.

నిలువుగీత:
రాత్రిస్కెచ్ గారూ, మీకలా జరిగిందంటే బాధగా ఉంది. నాకు ఒకరు పక్కన కూర్చుని డబ్బాని మనిషిలోకి ఎలా మార్చాలో చూపించారు, ఆ సంగతి ముందే చెప్పాల్సింది. ఒంటరిగా నేర్చుకునేవాళ్లకి మీ పద్ధతే మంచిదేమో. అయితే ఆ సగం టైము మాత్రం తప్పించకండి. క్యారెక్టర్ మీద ఉత్సాహంలో ముందు కోతపడేది అదే.

కొత్తగీత:
చాలా థాంక్స్ అందరికీ. నిన్నా ఇవాళా కలిపి నలభై తలలు వేశాను. పక్కలకి తిప్పడం కొంచెం పట్టు దొరికింది. కిందికి వంచితే మాత్రం ముఖం నలిగిపోయినట్టు వస్తోంది. నల్లపెన్సిల్ గారూ, అక్కడ ఏం మారుతుంది?

నల్లపెన్సిల్:
రెండు విషయాలు పట్టుకోండి. ఒకటి, బంతి చుట్టూ తిరిగే గీతలన్నీ వంపు తిరుగుతాయి. తల కిందికి వంగితే కనుబొమల గీత, కళ్ల గీత, నోటి గీత మధ్యలో కిందికి జారినట్టు, వేలాడే తాడులా వంగుతాయి. తల పైకెత్తితే అవే గీతలు విల్లులా పైకి వంగుతాయి. మీరు వాటిని తిన్నగా గీసి ముఖాన్ని కిందికి జరిపారు, అందుకే నలిగినట్టుంది.

రెండోది చెవి. కిందికి చూసే తలలో కళ్లతో పోలిస్తే చెవి పైకి వెళ్తుంది. పైకి చూసే తలలో కిందికి దిగుతుంది. అద్దం ముందు నిలబడి, కనుబొమ దగ్గర ఒక వేలు, చెవి పైకొన దగ్గర ఒక వేలు పెట్టి మెల్లగా తల వంచండి. మీ కళ్లతో మీరే చూస్తారు. దీంతోపాటు కిందికి చూసినప్పుడు మాడు ఎక్కువ కనిపిస్తుంది, ముక్కు కొన నోటికి దగ్గరవుతుంది, గడ్డం చిన్నదవుతుంది.

మొదటిపేజీ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఇంకా కొత్త. తల ఎత్తుతో కొలిస్తే మనిషి ఎత్తు ఎన్ని తలలు పెట్టాలి? ఒకరు ఏడున్నర అంటారు, ఒకరు ఎనిమిది అంటారు. యానిమేలో ఆరు కూడా చూశాను.

నిలువుగీత:
మామూలుగా ఎదిగిన మనిషి సుమారు ఏడున్నర తలలు. ఎనిమిది అనేది గియ్యడానికి అనువైన లెక్క, కాస్త హుందాగా కూడా కనిపిస్తుంది. ఎనిమిది తలల మనిషిలో సరిగ్గా సగం దగ్గర కాళ్లు మొదలవుతాయి, అందుకే నేర్చుకునేటప్పుడు సులువు. ఏడాది పిల్లలు నాలుగు తలలు ఉంటారు. యానిమేలో ఐదారు తలలు పెట్టడం అంటే పసితనం పోలిక తేవడం. అది తప్పేమీ కాదు, కానీ తెలిసి చెయ్యాలి.

ఇంకొన్ని కొలతలు నోట్ చేసుకోండి. కళ్లు తల ఎత్తులో సరిగ్గా సగంలో ఉంటాయి. కొత్తవాళ్లందరూ పైకి పెడతారు, జుట్టు కింద పుర్రె ఎంత ఉందో మర్చిపోతారు కాబట్టి. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత జాగా. అరచెయ్యి వేళ్లతో కలిపి గడ్డం నుంచి నుదుటి మీద జుట్టు దాకా వస్తుంది. చెయ్యి కిందికి వదిలితే వేళ్ల కొనలు తొడ మధ్యకి చేరతాయి. పాదం పొడవు దాదాపు మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంటుంది. కొత్తవాళ్లు పాదాన్ని ఎప్పుడూ చిన్నగా వేస్తారు.

ముప్పైసెకన్లు:
కొలతలన్నీ సరే, నన్ను ఆ కూర్చున్న పోజు గురించి మాట్లాడనివ్వండి. పదకొండు బొమ్మల్లోనూ అమ్మాయి కూర్చున్నట్టు లేదు, గాల్లో ఆగినట్టుంది. బరువు ఎక్కడ ఆనుతోందో నాకు కనిపించలేదు.

కొత్తగీత గారూ, మీరే ఒక తలుపు ముందు వెళ్లి ఒక మోకాలి మీద కూర్చోండి. కన్నంలోకి చూడండి. ఒక నిమిషం అలాగే ఉండండి. బరువు ఎక్కడ పడుతోంది? నేల మీద ఆనిన మోకాలి మీదా, ముందున్న పాదం మీదా, వెనక కాలి మునివేళ్ల మీదా. మెడ ముందుకు సాగుతుంది. వీపు వంపు తిరుగుతుంది. ఒక భుజం రెండోదాని కంటే కిందికి దిగుతుంది. ఫోన్‌లో టైమర్ పెట్టి ఫొటో తీసుకోండి, కానీ ముందు ఒంటితో తెలుసుకోండి.

తర్వాత ఆ ఫొటో చూసి ముప్పై సెకన్లలో వెయ్యండి. నడినెత్తి నుంచి వెనక మడమ దాకా ఒక్కటే వంపు గీత, దాని మీద తల, పక్కటెముకల గూడు, తుంటి మూడు ముద్దలు, అంతే. ముఖం వద్దు, బట్టలు వద్దు. పది వేసి, అన్నిటికంటే ప్రాణం ఉన్నది ఎంచుకుని దాని మీద డబ్బాలు కట్టండి. డబ్బాలతో మొదలుపెట్టి ప్రాణం పొయ్యాలని చూస్తే కష్టం, రాత్రిస్కెచ్ గారికి జరిగింది అదేనేమో అనిపించింది.

రాత్రిస్కెచ్:
అవునండీ, సరిగ్గా అదే. ఎవరైనా అప్పట్లో చెప్పుంటే ఎంత బాగుండేది.

మొదటిపేజీ:
ఫొటో చూసి వేస్తే కాపీ కొట్టినట్టు కాదా? వేరే ఆర్టిస్టుల బొమ్మలు చూసి వెయ్యడం తప్పంటారు కదా.

నల్లపెన్సిల్:
నేర్చుకోవడానికి వేస్తే ఏ తప్పూ లేదు. ఇంకొకరి బొమ్మ నకలు చేసి నాది అని పెడితే తప్పు. వాన్ గో 1880లో, 27 ఏళ్ల వయసులో చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్నాక, చార్లెస్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ పాఠాల బొమ్మల్ని వరసగా కూర్చుని నకలు చేశాడు. చివరి ఏడాది, 1890లో, వాటిలో కొన్నింటిని మళ్లీ నకలు చేశాడు. నకలు చేసేటప్పుడు "ఈ గీత ఇక్కడే ఎందుకు మలుపు తిరిగింది" అని అడుగుతూ వెయ్యండి. తర్వాత దాన్ని మూసేసి జ్ఞాపకం నుంచి వెయ్యండి. ఏది గుర్తు రాలేదో అది ఇంకా అర్థం కాలేదన్నమాట.

దూరపుచుక్క:
రెండు రోజులుగా చదువుతున్నాను. అందరూ అమ్మాయి గురించి చెప్పారు కాబట్టి నేను తలుపు గురించి చెప్తాను.

ఏడో బొమ్మ మీద స్కేలు పెట్టి చూశాను. తలుపు పైఅంచునీ కిందిఅంచునీ పక్కకి పొడిగిస్తే అవి కలిసే చోటు దాదాపు తాళం కన్నం ఎత్తులోనే ఉంది. అంటే ఆ తలుపును చూస్తున్న మనిషి కన్ను కూడా అదే ఎత్తులో ఉంది, నేల మీద కూర్చుని చూస్తున్నాడు. ఇప్పుడు అమ్మాయిని చూడండి. రెండు భుజాల పైభాగం కనిపిస్తోంది, బెల్టు వెనకంచు దాకా కనిపిస్తోంది, నేల మీద రెండు పాదాల మధ్య చాలా జాగా కనిపిస్తోంది. అంటే ఆమెను ఎవరో నిలబడి పైనుంచి చూస్తున్నారు. ఒకే బొమ్మలో తలుపును చూసే కన్ను వేరు, అమ్మాయిని చూసే కన్ను వేరు. మీకు అంతు చిక్కని తేడా ఇదే అనుకుంటున్నాను. అమ్మాయి ఎంత బాగా వచ్చినా, తలుపు ఎంత బాగా వచ్చినా, రెండూ కలవవు.

కంటి ఎత్తు గీత, అంటే చూసేవాడి కన్ను ఉన్న ఎత్తులో అడ్డంగా వెళ్లే గీత, ముందు పెట్టుకోండి. ఆ గీతకి కిందున్న వాటి పైభాగం కనిపిస్తుంది, పైనున్న వాటి అడుగు కనిపిస్తుంది. మనిషి ఒంటి మీద దీన్ని చూపించేవి బట్టల అంచులు: కాలరు, చొక్కా చేతి అంచు, బెల్టు, ప్యాంటు అంచు. ఒళ్లు నిటారుగా ఉంటే గీతకి కిందున్న బెల్టు ముందువైపు కిందికి వంగుతుంది, గీత ఎత్తులో ఉన్న కాలరు దాదాపు తిన్నగా ఉంటుంది. ఒళ్లు వంగితే ఆ వంపులూ మారతాయి, కాబట్టి ముందు నిటారుగా వేసి చూసుకోండి.

ఇది కొత్త సంగతేం కాదు. 1435లోనే అల్బెర్టీ అనే ఇటలీ పండితుడు చిత్రకళ మీద రాస్తూ గుడిలో నడిచే జనాన్ని ఉదాహరణ ఇచ్చాడు. తలలన్నీ దాదాపు ఒకే ఎత్తులో కనిపిస్తాయి, దూరంగా ఉన్నవాళ్ల పాదాలు మాత్రం దగ్గరివాళ్ల మోకాళ్ల ఎత్తుకి వస్తాయి అని. చూసేవాడి కన్ను కూడా వాళ్ల కళ్ల ఎత్తులోనే ఉంది కాబట్టి.

కొత్తగీత:
దూరపుచుక్క గారూ, మీ పోస్టు చదివి పదకొండు బొమ్మలూ నేల మీద పరిచి స్కేలు పెట్టి చూశాను. తొమ్మిదింట్లో అదే తప్పు. రెండేళ్లుగా "అనాటమీ రాదు, అందుకే బాగోలేదు" అనుకుంటూ ఉన్నాను. అసలు బ్యాక్‌గ్రౌండ్ చివర్లో వేసేదాన్ని, అమ్మాయి పూర్తయ్యాక వెనకాల తలుపు అమర్చేదాన్ని. ఇకనుంచి తలుపు, నేల, కంటి ఎత్తు ముందు. చాలా పెద్ద సాయం చేశారు.

దీపంనీడ:
షేడింగ్ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఒక్క మాట. ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి, ఆకారం కుదిరాక చూద్దాం. వెళ్లినప్పుడు మాత్రం వెలుగు ఎటునుంచి వస్తోందో ముందే నిర్ణయించుకోండి. మీ బొమ్మల్లో ముక్కు నీడ ఎడమకి, గడ్డం నీడ కుడికి పడుతోంది. ఒక తెల్ల బంతిని ఒకే ఒక్క దీపం పక్కన పెట్టి గంటసేపు చూసి వెయ్యండి. వెలుగు, సగం వెలుగు, అన్నిటికంటే చిక్కటి నీడ, కింది నుంచి తిరిగొచ్చే మసక వెలుగు, నేల మీద పడ్డ నీడ. ఆ తిరిగొచ్చే వెలుగు ఎప్పుడూ వెలుగువైపు కంటే చీకటిగానే ఉండాలి. కళ్లు సగం మూసి చూస్తే తెలుస్తుంది. కంట్లో తెల్లగుడ్డు కూడా బంతే, పైరెప్ప నీడ దాని మీద పడుతుంది. అది ఒక్కటి పెడితే మీ అమ్మాయి చూపు కుదురుతుంది.

కొత్తగీత:
ఐదు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. తలలు ఐదు వందలు దాటాయి. పందొమ్మిదోసారి వేసిన తాళాల అమ్మాయిని కింద పెడుతున్నాను.

ఈసారి ముందు తలుపు వేశాను. కంటి ఎత్తు గీత సరిగ్గా తాళం కన్నం మీదుగా పెట్టాను. మోకాళ్ల మీద నిలబడితే ఎత్తులో నాలుగో వంతు తగ్గుతుందని లియొనార్డో డావిన్చీ రాసుకున్నాడని చదివాను. ఎనిమిది తలల లెక్కలో అది రెండు తలలు, మోకాలి కింది భాగం పొడవు. ఆ లెక్కన నా అమ్మాయి 160 సెంటీమీటర్లు అనుకుంటే 120కి వస్తుంది. కళ్లు తల సగంలో కాబట్టి ఇంకో పది తగ్గి 110. తాళం కన్నం నేల నుంచి మీటరు ఎత్తులో అనుకున్నాను. అంటే ఆమె కొంచెం వంగితే చాలు. ఇదివరకు మెడ విరిగిపోయేంత వంచేదాన్ని, ఎందుకంటే కన్నం చాలా కిందికి వేసేదాన్ని!

ముప్పైసెకన్లు గారు చెప్పినట్టు తలుపు ముందు కూర్చున్నప్పుడు ఒకటి గమనించాను. వెనక కాలి వేళ్లు నేల మీద వెనక్కి మడతపడి, బూటు ముందుభాగం ముడతలు పడుతుంది. ఆ ముడత వెయ్యగానే బరువు నేల మీద పడింది. ఆ ఒక్క గీత వేసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

చేతులు మాత్రం ఇంకా గ్లవ్స్ తొడిగినట్టే ఉన్నాయి. ఊచ వేళ్ల మధ్య లేదు, వేళ్ల మీద అతికించినట్టుంది.

నిలువుగీత:
పన్నెండో బొమ్మ నుంచి పందొమ్మిది దాకా వరసగా చూశాను. మనస్ఫూర్తిగా అభినందనలు. భుజం నుంచి లాగిన గీతలు తెలుస్తున్నాయి.

చేతికి వస్తే, ఊచ ముందు గియ్యండి, వేళ్లు తర్వాత. ఊచ ఎటు చూస్తోందో, ఎక్కడ పట్టుకుందో రెండు చుక్కలు పెట్టి, బొటనవేలి కొననీ చూపుడువేలి కొననీ ఆ చుక్కల దగ్గరికి తీసుకురండి. మిగతా మూడు వేళ్లు ఒకే ముద్దగా వేసి తర్వాత విడగొట్టండి. అరచెయ్యి ఒక పలచటి డబ్బా, బొటనవేలి మొదలు దాని పక్కన కూర్చున్న వేరే ముద్ద. వేళ్ల కణుపులు ఒకే వరసలో ఉండవు, విల్లులా వంగి ఉంటాయి. చేతి వెనకవైపు నుంచి చూస్తే వేళ్లు పొడుగ్గా, అరచేతివైపు నుంచి పొట్టిగా కనిపిస్తాయి, వేళ్ల మధ్య చర్మం వల్ల. మీ బొమ్మలో కనిపించేది వెనకవైపు, వేళ్లు మాత్రం అరచేతివైపు కొలతతో ఉన్నాయి.

నల్లపెన్సిల్:
చాలా బాగుంది. బొమ్మను ఒకసారి అడ్డంగా ఫ్లిప్ చేసి చూడండి, కాగితం అయితే అద్దంలో. ఎక్కువసేపు చూసి చూసి కన్ను తప్పులకి అలవాటు పడిపోతుంది, తిప్పితే బయటపడతాయి. నేను తిప్పి చూస్తే అవతలి కన్ను కొంచెం పైకి ఉంది. కనుబొమల గీత వంపు అక్కడ ఆగిపోయింది.

కొత్తగీత:
ఫ్లిప్ చేశాను. నిజమే, అవతలి కన్నూ, దాంతోపాటు చెవి కూడా. ఈ రాత్రి ఊచలు పట్టుకున్న చేతులు ఒక పేజీ వేసి, రేపు ఇరవయ్యోది మొదలుపెడతాను. ఎడమచేత్తో తలుపును ఆనుకుని ఉన్నట్టు పెడదామనుకుంటున్నాను, ఇదివరకు ఆ చెయ్యి జేబులో ఉండేది. చెక్క మీద ఆనిన అరచేతిలో వేళ్ల కొనలు ఎంత చదునవుతాయో ఎవరిదగ్గరైనా రిఫరెన్స్ ఉందా, లేక నా చెయ్యే చూసి వెయ్యమంటారా?

ముప్పైసెకన్లు:
మీ చెయ్యే చూసి వెయ్యండి. కొంచెం బరువు ఆన్చి చూడండి, ఊరికే పెడితే చదునవ్వవు.